వైజాగ్ తీరంలో సముద్ర ప్రాజెక్టు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం కొలవాలి, పల్లెలో ఎలా మాట్లాడాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. మీరు నలుగురు. ఇద్దరు టీచర్లు, ఒకరు జువాలజీ చదివారు, ఒకరికి ఉద్యోగం ఉంది, శని ఆదివారాలు ఖాళీ. విశాఖ తీరంలో కొంత పరిశోధన, బడిపిల్లలకు సముద్రం గురించి చదువు, మత్స్యకార పల్లెల్లో అవగాహన కార్యక్రమాలు, మూడూ కలిపి ఒక ప్రాజెక్టుగా చేయాలనుకుంటున్నారు. యారాడ నుంచి భీమిలి దాకా మొత్తం తీరం తీసుకోవచ్చా, సైంటిస్టులు వెంట లేకపోతే కుదురుతుందా, పల్లెలో మీటింగు పెడితే ఎవరూ రావట్లేదు ఏం చేయాలి, పడవ కొనాలా? ఈ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదటిదానికి జవాబు సులువు. మొత్తం తీరం వద్దు. ఒక్క కిలోమీటరు ఎంచుకుని రెండేళ్ళు దాన్ని వదలకండి. వైజాగ్‌లో ఇలాంటి బృందాలు చాలా పుట్టాయి, చాలా ఆగిపోయాయి. ఆగిపోయినవాటిలో ఎక్కువ భాగం జనవరిలో ఆర్కే బీచ్‌లో, మార్చిలో రుషికొండలో, జూన్‌లో భీమిలిలో ఒక్కో కార్యక్రమం చేసినవే. ఫోటోలు మిగిలాయి, సమాచారం మిగల్లేదు. ఒకేచోట నెలనెలా కొలిచిన చిన్న లెక్కకు ఉన్న విలువ, పది చోట్ల ఒక్కసారి చేసిన పెద్ద సర్వేకు ఉండదు.

నన్నడిగితే జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్ వైపు చూడండి. పాటు సమయంలో నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బయటపడే రాళ్ళున్నాయి, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక ఉంది, పక్కనే మత్స్యకారులున్నారు, ఊళ్ళోంచి గెడ్డ నీళ్ళు వచ్చి కలిసే చోటు కూడా దూరం కాదు. మీ బడి లాసన్స్ బే దగ్గరైతే పెద జాలారిపేట వైపు తీసుకోండి. నడిచి వెళ్ళగలిగే చోటు కావాలి, అదే ముఖ్యం. కారు వేసుకుని వెళ్ళాల్సిన చోటికి మూడో నెల నుంచి ఎవరూ వెళ్ళరు.

సైంటిస్టులు లేకుండా కుదురుతుందా అంటే, మొదలుపెట్టడానికి కుదురుతుంది. కానీ వైజాగ్‌లో ఉండి వాళ్ళను వదులుకోవడం అన్యాయం. 1952లో అమెరికా నుంచి ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఇక్కడి విద్యార్థులతో బంగాళాఖాతాన్ని కొలిపించారు. మన దేశంలో యూనివర్సిటీ స్థాయిలో సముద్రశాస్త్రం చదువుకు అది తొలి అడుగుల్లో ఒకటి. ఇప్పుడు ఇదే ఊళ్ళో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం లాసన్స్ బే కాలనీలో ఉంది. సముద్రపు చేపల మీద పరిశోధన చేసే సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రం ఉంది, వలలూ వేట పరికరాల మీద పనిచేసే సీఐఎఫ్‌టీ కేంద్రం ఉంది, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం ఉంది, వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. ఇన్ని సంస్థలు ఆటో దూరంలో ఉన్న ఊళ్ళు దేశంలో ఎక్కువ లేవు. వాళ్ళ దగ్గరికి "మాకు గైడెన్స్ ఇవ్వండి సార్" అని ఉత్తచేతులతో వెళ్తే టీ ఇచ్చి పంపిస్తారు. ఆరు నెలల కొలతలు పట్టుకుని "ఇక్కడ ఈ నెలలో ఇలా ఎందుకు తగ్గింది సార్" అని వెళ్ళండి. కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

మరి ఏం కొలవాలి? బడిపిల్లలతో మొదలుపెట్టడానికి ఇసుకను మించింది లేదు. దీనికి రెండు కర్రలు, ఒక తాడు చాలు. 1961లో ఎమరీ అనే ఆయన చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఒకటిన్నర మీటరు పొడవున్న రెండు కర్రలు తీసుకుని పైనుంచి కిందికి సెంటీమీటర్ల గీతలు గీయండి. రెండింటి మధ్య రెండు మీటర్ల తాడు కట్టండి. గోడ మూలో, మెట్టో, కదలని గుర్తు ఒకటి పెట్టుకుని అక్కడ మొదటి కర్ర నిలబెట్టండి, రెండోది సముద్రం వైపు. ఇసుక సముద్రం వైపు దిగుతుంటే, ముందు కర్ర కొన మీదుగా సముద్రం ఆకాశం కలిసే గీతను చూడండి. ఆ చూపు మీ దగ్గరున్న కర్రను పైనుంచి ఎన్ని సెంటీమీటర్ల కింద తాకుతోందో, అన్ని సెంటీమీటర్లు ఇసుక దిగినట్టు. ఇసుక ఎత్తుగా లేచిన చోట తిరగేసి చూడాలి, వెనక కర్ర కొన నుంచి చూసి ముందు కర్ర మీద చదవాలి. అలా తాడు పొడుగున జరుపుకుంటూ నీళ్ళదాకా వెళ్ళండి. ఎనిమిదో తరగతి పిల్లలు అరగంటలో నేర్చేసుకుంటారు. గ్రాఫు పేపరు మీద గీస్తే ఆ రోజు బీచ్ ఆకారం వచ్చేస్తుంది.

నెలకోసారి, అమావాస్యకో పౌర్ణమికో దగ్గర్లో, నీళ్ళు బాగా తీసినప్పుడు ఇది చేయండి. తుపాను గానీ పెద్ద అలలు గానీ వచ్చి వెళ్ళాక అదనంగా ఒకసారి. ఏడాది తిరిగేసరికి పిల్లల చేతిలో మన తీరం కథ ఉంటుంది. నైరుతి కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య కాలంలో కొంత వెనక్కి తెస్తాయి, మొత్తం మీద ఏడాదికి ఉత్తరం వైపు వెళ్ళేదే ఎక్కువ. ఆ దారిలో ఔటర్ హార్బర్ రాతి గోడలు అడ్డంగా ఉన్నాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడ ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు అందాల్సింది అందదు. అందుకే డ్రెడ్జర్‌తో ఇసుక తీసి పైపుల్లో బీచ్ మీద పోస్తుంటారు. పోసిన ఇసుక ఎన్నాళ్ళు నిలబడింది, ఏ నెలలో వెళ్ళిపోయింది అన్నది మీ రెండు కర్రలు చెప్పగలవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతా తలకిందులైంది. అప్పుడు ప్రతి బడి దగ్గర ముందు నెల కొలత ఒకటి ఉండుంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

దీంతో పాటు ఉప్పు కొలవండి. రొయ్యల చెరువుల వాళ్ళు వాడే రిఫ్రాక్టోమీటరు ఆక్వా మందుల షాపుల్లో దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. బకెట్‌తో నీళ్ళు తీసి ఒక చుక్క వేసి చూడటమే. అన్ని సముద్రాలూ ఒకేలా ఉప్పగా ఉంటాయనుకునే పిల్లలకు ఇది పెద్ద ఆశ్చర్యం. వానాకాలం చివర్లో గంగ, బ్రహ్మపుత్ర, మహానది మోసుకొచ్చిన మంచినీళ్ళు బంగాళాఖాతం ఉత్తరాన పొరలా పరుచుకుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం దక్షిణానికి నడుస్తుంది కాబట్టి ఆ నీళ్ళు మన ముందు నుంచే వెళ్తాయి. ఉప్పదనం పడిపోతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం తిరగబడి ఉత్తరానికి పోతుంది. ఆ రోజుల్లో గాలి తీరపు నీళ్ళను సముద్రం లోపలికి తోస్తే, కింద నుంచి చల్లటి నీళ్ళు, వాటితో పాటు ఎరువు లాంటి పోషకాలు పైకి వస్తాయి. లాఫాండ్ ఇక్కడ గమనించి రాసినవాటిలో ఇదొకటి. ఎండలు ముదురుతున్నప్పుడు నీళ్ళు ఒక్కోసారి చల్లగా తగలడానికి కారణం ఇదే. థర్మామీటరు పెట్టిన పిల్లవాడికి ఈ పాఠం మళ్ళీ చెప్పక్కర్లేదు.

పిల్లల విషయం వచ్చింది కాబట్టి ఒక మాట. దయచేసి ఆస్ట్రేలియా పగడాలు, పెంగ్విన్లు, నీలి తిమింగలాలు ఉన్న పీపీటీలు తీసుకెళ్ళకండి. జాలారిపేట పిల్లలకు కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, కోనాం, చందువా చూపించక్కర్లేదు, వాళ్ళే మనకు చూపిస్తారు. అదే పాఠం చేయండి. ఇంగ్లీషు మీడియం బడి పిల్లలను, పల్లె బడి పిల్లలను కలిపి పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కు తీసుకెళ్ళండి. చేప పేరు, ఏ వలలో పడింది, వేలం పాటలో ఎంతకు పోయింది అన్నవి పల్లె పిల్లలు చెప్పాలి, నగరం పిల్లలు రాసుకోవాలి. ఆ రోజు ఎవరు టీచరో తెలిసిపోతుంది. సీఎంఎఫ్ఆర్ఐ వాళ్ళు కూడా దేశమంతా రేవుల్లో కొన్ని రోజులు, కొన్ని పడవలు ఎంచుకుని దిగిన చేపను లెక్కగట్టే మొత్తం అంచనా వేస్తారు. కాబట్టి ఇది ఉత్త విహారం అనుకోకండి. హార్బర్‌లో నేల జారుతుంది, తోపులాట ఉంటుంది, చెప్పులు గట్టివి వేయించండి.

రాళ్ళ దగ్గర నడకల గురించి కూడా అడిగారు. మన దగ్గర పోటుకూ పాటుకూ తేడా పెద్ద రోజుల్లో సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాత్‌లోలా కిలోమీటర్ల కొద్దీ నీళ్ళు తీయవు. అందుకని సరైన గంటకు వెళ్ళకపోతే ఏమీ కనపడదు. సర్వే ఆఫ్ ఇండియా టైడ్ టేబుల్ (పోటు, పాటు వేళల పట్టిక) చూసుకోండి, నీళ్ళు అడుగుకు చేరే సమయానికి గంట ముందు అక్కడ ఉండండి. సీ అనిమోన్లు, సముద్రపు నత్తలు, పీతలు, కొన్నిసార్లు ముళ్ళ బంతుల్లా సీ అర్చిన్లు కనిపిస్తాయి. ఎత్తిన రాయిని మళ్ళీ అలాగే బోర్లించి పెట్టాలి, లేకపోతే అడుగున బతికేవి ఎండకు చస్తాయి. ఏదీ ఇంటికి తేకూడదు. కోన్ నత్తలు అందంగా ఉంటాయి, విషముల్లుతో కుడతాయి, అసలు ముట్టుకోనివ్వకండి. ఫోటోలో పక్కన స్కేలు ఉండాలి, తేదీ, చోటు రాయాలి. జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో పెడితే పేరు చెప్పేవాళ్ళు దొరుకుతారు. నీళ్ళలోకి మాత్రం ఎవర్నీ దింపొద్దు. యారాడలో, ఆర్కే బీచ్‌లో ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి, ఈత వచ్చినవాళ్ళవి కూడా.

ఇప్పుడు అసలు చిక్కు, పల్లె. మీటింగు పెడితే రావట్లేదన్నారు. వాళ్ళెందుకు రావాలో ఆలోచించండి. రాత్రంతా సముద్రం మీద ఉండి వచ్చినవాడికి "సముద్రాన్ని కాపాడుకుందాం" అని బ్యానరు కట్టి చెప్తే ఏమనిపిస్తుంది? "అవగాహన" అనే పేరుతో వెళ్ళినవాళ్ళందరూ ఆయనకు తెలియదనే ముందే తేల్చేసుకుని వెళ్తారు. సింహాచలం కొండను, డాల్ఫిన్స్ నోస్‌ను గుర్తు పెట్టుకుని నీళ్ళ అడుగున రాయి ఎక్కడుందో చెప్పగలిగే మనిషి ఆయన. మీరు వినడానికి వెళ్ళండి. ముందు పెద్దలను కలవండి, తర్వాత చేపలమ్మే ఆడవాళ్ళను, డ్వాక్రా సంఘాల వాళ్ళను కలవండి. ఇంటి లెక్క, చేప ధర, అప్పు వాళ్ళకే తెలుస్తాయి. సాయంత్రం వలలు బాగుచేసుకునే చోట కూర్చుంటే మీటింగు అక్కర్లేదు.

మాటలన్నీ తిరిగి తిరిగి కొన్ని చోట్లకే వస్తాయి. పడవలు పెట్టుకునే ఇసుక తగ్గిపోతోంది. వల ఆరేసుకునే చోట పార్కో, పార్కింగో వచ్చింది. పెద్ద బోట్లు దగ్గరికి వచ్చేస్తున్నాయి. చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల మీద 2022 జనవరిలో పల్లెల మధ్యే ఎంత గొడవయిందో మీరూ చదివే ఉంటారు. ఆ తగాదాలో మీరు ఏ పక్షమూ పట్టొద్దు, ఒక పల్లెలో విన్నది ఇంకో పల్లెలో చెప్పొద్దు. కానీ ఇసుక, చోటు విషయంలో మీ ప్రాజెక్టు నిజంగా పనికొస్తుంది. తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం తయారుచేసే ప్లానులో మత్స్యకార గ్రామాలు, వాళ్ళు ఉమ్మడిగా వాడుకునే చోట్లు చూపించాలి. పడవలు ఎక్కడ పెడతారు, వలలు ఎక్కడ ఆరేస్తారు, చేపలు ఎక్కడ ఎండబెడతారు, గుడి ఎక్కడుంది, వీటన్నిటినీ పల్లెవాళ్ళతో కలిసి నడిచి ఒక మ్యాపు గీయండి. తేదీ వేసి, ఫోటోలు జతచేసి, ఆ మ్యాపు కాపీ వాళ్ళ చేతిలో పెట్టండి. రేపు ఏ ఆఫీసుకైనా వాళ్ళు అది పట్టుకెళ్ళగలరు. నా అనుభవంలో ఒక పల్లె ఒక బృందాన్ని నమ్మింది అంటే ఇలాంటి కాగితం తర్వాతే.

ఇక్కడే ఒక జాగ్రత్త. వాళ్ళు మాటల్లో చెప్పే చేపల రాళ్ళ జాడలు రాసుకోవచ్చు, కానీ ఆన్‌లైన్ మ్యాపుల్లో ఎప్పుడూ పెట్టకండి. అది వాళ్ళ ఆస్తి. తాతల నుంచి వచ్చిన చోటు మీ పేపరు వల్ల ఇంకెవరి జీపీఎస్‌లోకో చేరితే, మీరు మళ్ళీ ఆ పల్లెలో అడుగుపెట్టలేరు, పెట్టకూడదు కూడా.

ఇచ్చేది కూడా ఏదైనా ఉండాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో సముద్రపు వేడిని, రంగును చూసి చేప దొరికే అవకాశం ఉన్న చోట్లు చెప్తుంది, ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే ఉంది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళ ఫిషర్ ఫ్రెండ్ యాప్‌లో ఈ సమాచారం తెలుగులో వస్తుంది. కుర్రాళ్ళ ఫోన్లలో అది పనిచేస్తోందా, చెప్పిన చోట నిజంగా చేప పడిందా అని నెలపాటు రాయించండి. పడితే సంతోషం, పడకపోతే అది కూడా ఇన్‌కాయిస్‌కు చెప్పాల్సిన మాటే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులూ ఊళ్ళో ఉంటారు. మాట్లాడటానికి అంతకంటే మంచి సమయం లేదు. కానీ చేతిలో డబ్బులు ఆడని రోజులు కూడా అవే. మీతో రోజంతా నడిచి చూపించినవాళ్ళకు కూలి ఇవ్వండి. భోజనం పెట్టి సరిపెట్టడం పద్ధతి కాదు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు ఎవరైనా ఇస్తే టీషర్టులకు ముందు ఈ ఖర్చు రాసుకోండి.

తాబేళ్ళ గురించి మీ ఉత్సాహం అర్థమైంది. ఆలివ్ రిడ్లేలు జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్ళు ఒడ్డుకొచ్చి, ఒక్కోటి వంద పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్తాయి. కుక్కలు, నక్కలు, మనుషుల కాళ్ళ నుంచి కాపాడటానికి అటవీ శాఖ వాటిని తీసి హేచరీల్లో పాతిపెడుతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఇది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోని జీవి. అటవీ శాఖ అనుమతి లేకుండా గుడ్డును ముట్టుకోవడం, పిల్లలను చేతిలో పెట్టుకుని వీడియో తీయడం నేరం. వాళ్ళతో కలిసి వాలంటీర్లుగా వెళ్ళండి. అక్కడ బడిపిల్లలు కొలవదగ్గది ఇసుక వేడి. గుడ్లున్న లోతులో ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయి. మరో పని, దీపాల లెక్క. తాబేలు పిల్లలు వెలుతురున్న వైపుకు పాకుతాయి, మన బీచ్ రోడ్డు లైట్లు వాటిని సముద్రానికి బదులు రోడ్డెక్కిస్తాయి. మీ కిలోమీటరులో ఏ హోటలు లైటు ఇసుక మీద పడుతోందో రాసి, గుడ్లు పెట్టే, పిల్లలు బయటికొచ్చే నెలల్లో దాన్ని కిందికి తిప్పమని యజమానిని అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది వింటారు.

చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్ళు కనిపిస్తే తేదీ, చోటు, చిప్ప పొడవు రాసి, రెండోసారి లెక్కపెట్టకుండా చిప్ప మీద రంగు గుర్తు వేసేలా అటవీ సిబ్బందితో మాట్లాడుకోండి. గాయం లేకుండా చచ్చినవాటిలో చాలా వరకు వలలో చిక్కి ఊపిరందక పోయినవే. తాబేలు గాలి పీల్చే జీవి, మరబోట్లు ఈడ్చుకెళ్ళే ట్రాల్ వల గంటల తరబడి నీళ్ళలో ఉంటుంది. అలాగని ఒడ్డున తెప్ప మీద వేటకెళ్ళేవాడి మీద విరుచుకుపడకండి. మన రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ వేటకే కేటాయించారు, మరబోట్లు దాని అవతల ఉండాలి. ట్రాల్ వలలో తాబేలు బయటపడే టెడ్ పరికరం సీఐఎఫ్‌టీ తయారుచేసింది. చేప కూడా పోతుందని బోటువాళ్ళ భయం. వాళ్ళతో జాలి గురించి మాట్లాడితే పని జరగదు. టెడ్ వాడట్లేదన్న కారణంతో మన సముద్రపు రొయ్యను కొనడం అమెరికా 2019లో ఆపేసింది, చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు. ఆ లెక్క చెప్పండి, వింటారు.

బీచ్ క్లీనప్‌లు చేయొద్దనను. కానీ తూకం వేయకుండా, వేరుచేయకుండా చేసేది సెల్ఫీ కార్యక్రమమే. తెగిన వలలు, థర్మోకోల్, గుట్కా కవర్లు, మందు సీసాలు విడివిడిగా తూచండి. పెద్ద వాన పడ్డ మర్నాడు గెడ్డ కలిసే చోట తూచి, వారం తర్వాత మళ్ళీ తూచండి. చెత్త సముద్రం నుంచి వచ్చిందా, ఊళ్ళోంచి వచ్చిందా తేలిపోతుంది. ఆ కాగితంతో జీవీఎంసీకి వెళ్ళి గెడ్డ నోటికి జాలీ అడగొచ్చు.

డ్రోను మాత్రం ఎగరేయకండి. ఇది తూర్పు నౌకాదళం ఊరు, ఎయిర్‌పోర్టు కూడా నేవీదే. డాల్ఫిన్స్ నోస్ వైపు కెమెరా తిప్పినా అడుగుతారు. అనుమతి లేకుండా ఎగరేస్తే ప్రాజెక్టు పోలీస్ స్టేషన్‌లో ముగుస్తుంది.

చివరిగా పడవ. కొనకండి. మొదటి రెండేళ్ళు మీకు పడవతో పని లేదు, నేను చెప్పినదంతా కాళ్ళతో అయ్యేదే. తర్వాత లోపలి నీళ్ళు కొలవాలంటే అదే పల్లెలో ఫైబర్ బోటు మాట్లాడుకోండి. డీజిలు, ఇద్దరి కూలి, ఆ రోజు పోయే వేట, మూడూ కలిపి ధర ముందే మాట్లాడాలి. లైఫ్ జాకెట్లు మీవి మీరే తీసుకెళ్ళండి. వెళ్ళొద్దని బోటు నడిపే ఆయన అన్న రోజు, యాప్‌లో అలలు లేవని కనిపించినా సరే, వెళ్ళకండి.